మైత్రికొక మందిరము

గాలము, ఎర, బెండు అను మాటలు కనబడగానే మన సోదరీమణులలో ననేకులు పుట త్రిప్పివేయుదురేమో యని నాకు శంక కలదు. నేను శాకాహారుల యింట బుట్టి శాకాహారుల యింట మెట్టినదానను. చేపల వేటతో నాకును ఎట్టి సంబంధమును లేదు. అయినను మూడువందల యేబది యేండ్ల క్రిందట ఇంగ్లండు దేశమున నొక కొండయేటి యొడ్డున ఇరువురు స్నేహితులు గాలపు కఱ్ఱలు చేతబట్టుకొని గడపిన దినములను గూర్చి చదివినది మొదలు, ఆ ముచ్చట మీ చెవిని వేయవలెనని నా మనస్సు తొందరపెట్టుచున్నది. వారిలో పెద్దవాడు ఐజాక్ వాల్టను. చిన్నవాడు చార్లెస్ కాటను. మన గోదావరికి ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించిన కాటనుదొర వేఱు, ఈ కాటను వేఱు. ఇతడు ఆ దొరకంటె నూటడెబ్బది యేండ్లు ముందు పుట్టినవాడు.

వాల్టను 1593వ సంవత్సరమున స్టాఫర్డు పట్టణమున జన్మించెను. నాలుగేండ్లు నిండకమునుపే తండ్రి పోయెను. పిమ్మట లండను నగరమునకు వచ్చి వర్తకము నేర్చి, ఫ్లీటు వీధి ప్రాంతమున అంగడి పెట్టుకొనెను. పాఠశాలలో నేర్చిన చదువు స్వల్పము. అయినను ఆ పేటయందలి దేవాలయమున మతాచార్యుడుగా నుండిన మహాకవి జాన్ డన్ అతనికి మిత్రుడయ్యెను. రాయబారిగా దేశదేశములు తిరిగి, తుదకు ఈటన్ విద్యాలయమునకు అధ్యక్షుడైన సర్ హెన్రీ వాటను, థేమ్సు నది యొడ్డున ఇతని ప్రక్కనే కూర్చుండి గాలము వేసెడివాడు. అంగడిలో కొలకఱ్ఱ పట్టిన చేతితోనే ఈ వర్తకుడు ఆ మహనీయుల జీవితచరిత్రములను వ్రాసెను. డన్ చరిత్రము 1640లో వెలువడెను. బడిగడప త్రొక్కక ఇంటి యరుగుపై తండ్రి చెప్పిన పాఠములతోనే చదువు ముగించిన నావంటివారికి, ఈ సంగతి చదువునపుడు కొంచెము గర్వము కలుగుట సహజము.

ఆ యింట దుఃఖమునకు మాత్రము లోటు లేదు. మొదటి భార్య రేచెల్ కనిన బిడ్డలలో ఒక్కరును దక్కలేదు. 1640లో ఆమెయు గతించెను. దేశమును సుఖముగా లేదు. 1642లో రాజునకును పార్లమెంటునకును యుద్ధము మొదలై, 1649లో మొదటి చార్లెస్ రాజునకు శిరశ్ఛేదమగుటవఱకు వచ్చెను. వాల్టను రాజపక్షమువాడు. 1651లో వూస్టరు యుద్ధమున ఓడి పాఱిపోయిన రెండవ చార్లెస్ యొక్క రత్నభూషణమొకటి చేతులు మాఱి మాఱి ఇతని చేతికి రాగా, ప్రాణభయము లెక్కింపక దానిని లండనునకు జేర్చి, అక్కడి కోటలో చెఱయందున్న సేనాధిపతి కప్పగించెను. ఇట్టివాడు మఱి రెండేండ్లకు, అఱువదియేండ్ల వయస్సు సమీపించుచుండగా, ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను. దాని పేరు "ది కంప్లీట్ ఆంగ్లర్", అనగా గాలపువేటయందు పరిపూర్ణుడు.

1653లో అచ్చయిన ఆ పుస్తకమున యుద్ధకోలాహలము వినబడదు. ఒక గాలపువాడును అతనిని దారిలో కలిసికొన్నవాడును లీ అను ఏటి వెంబడి నడచుచు, చేపల స్వభావములను గూర్చి మాటలాడుకొందురు. వాన వచ్చినచో పూలపొద నీడ జేరుదురు. పాలు పిదుకు పడుచును ఆమె తల్లియు పాటలు పాడగా విందురు. రాత్రికి పల్లెటూరి పూటకూటింట, సువాసన గల పూరెమ్మలు మడతలలో నుంచిన దుప్పట్లపై నిదురింతురు. నేను ఆ పుస్తకము చదువునపుడు చేపను గూర్చిన పుటలను త్వరత్వరగా దాటి, ఈ దుప్పట్ల కడ మాత్రము నిలిచితిని. బిడ్డలను, భార్యను, తాను గౌరవించిన రాజును పోగొట్టుకొన్నవాడు, ఉతికి మడిచిన దుప్పటి వాసనను అంత ప్రేమతో వ్రాయుట నాకు వింతగా తోచలేదు. అట్టివారికే అది తెలియును.

ఇక కాటను సంగతి. ఇతడు 1630లో పుట్టెను. డర్బీ, స్టాఫర్డు మండలముల సరిహద్దున బెరెస్‌ఫర్డు అను నొక పెద్ద యింటికిని, చుట్టుపట్ల భూములకును ఏకైక వారసుడు. తండ్రి యొసగిన ఆస్తితోపాటు అప్పులును సంక్రమించెను. అప్పులకు తగిన అలవాట్లు తనకును ఉండెను. ఫ్రెంచి భాష చక్కగా వచ్చును. వయస్సు ముదిరిన పిమ్మట, 1685లో, మాంటేన్ వ్రాసిన వ్యాసములను ఆంగ్లమున కెత్తెను. ఆ యనువాదమునకు మంచి పేరు వచ్చినది. అయితే యౌవనమున వర్జిలు మహాకవి కావ్యమును వెక్కిరించుచు వ్రాసిన పద్యములును కలవు. అవి కులస్త్రీలు చదువదగినవి కావని పెద్దలు చెప్పగా నేను విని యూరకుంటిని. జూదపు టాటలను గూర్చిన యొక గ్రంథమునకును ఇతడే కర్త యందురు. మన మృచ్ఛకటికమున చారుదత్తుడు దానధర్మములచేత దరిద్రుడయ్యెను. ఈతని దారిద్ర్యమునకు కారణము అంత ఉదాత్తమైనది కాదు గాని, చేతిలో కాసు నిలువని స్వభావము మాత్రము ఒక్కటియే.

ఒకడు దైవభక్తుడు, మితభాషి, కాసు కాసు కూడబెట్టిన వర్తకుడు. రెండవవాడు భూస్వామి, విలాసి, అప్పులవాడు. ఇరువురికిని వయస్సున ముప్పదియేడేండ్ల తారతమ్యము. కాటను వాల్టనును "తండ్రీ" యని పిలుచును. వాల్టను కాటనును "కుమారా" యని పిలుచును. వీరికెట్లు పొత్తు కుదిరినదని మనబోంట్లము ముక్కుపై వ్రేలు వేసికొనవలసినదే. వియ్యమందు వారి విషయమై కులగోత్రములు, స్థితిగతులు విచారించినట్లు స్నేహమునకును విచారించియుండినచో ఇది జరిగియుండదు. ఇరువురును ఒకే నీటిని చూచుచు కూర్చుండుటకు అలవాటుపడిరి. ఎదురెదురుగా కూర్చుండినవారికి మాటలు కావలెను, మాటలనుండి వాదములు పుట్టును. ప్రక్కప్రక్కన కూర్చుండి ఏటిని చూచువారికి ఆ యక్కఱ లేదు.

ఆ యేటి పేరు డవ్. బక్స్‌టను పట్టణమునకు సమీపముననున్న కొండలలో పుట్టి, నలువదియైదు మైళ్లు ప్రవహించి ట్రెంటు నదిలో కలియును. దారి పొడవునను ఒకవైపు డర్బీ మండలము, రెండవవైపు స్టాఫర్డు మండలము. కాటను గృహమునకు క్రిందుగా బెరెస్‌ఫర్డు లోయ. ఇంకను దిగువకు పోయినచో సుప్రసిద్ధమైన డవ్‌డేల్ లోయ. సున్నపురాతి కొండల నడుమ ప్రవహించుటచేత నీరు మిక్కిలి తేట. అడుగున గులకఱాళ్లను లెక్కింపవచ్చును. ఒడ్డున తెల్లని రాతిస్తంభములు నిట్టనిలువున లేచి, తీగలు చుట్టుకొని, దేవాలయ గోపురములవలె నుండును. బెరెస్‌ఫర్డు లోయలో మడుగు నడుమనుండి అట్టి శిల యొకటి నీటిని చీల్చుకొని నిలిచియున్నది. మిల్‌డేల్ కడ ఒక సన్నని రాతివంతెన కలదు. దానిని చూచి భయపడిన బాటసారి, దీనిపై ఎలుకయైనను నడవజాలదని పలికినట్లు కాటను వ్రాసెను. నేటికిని దానిని బాటసారి వంతెన యనియే పిలుచుచున్నారు. ఈ ప్రాంతమంతయు 1951లో బ్రిటను దేశమునకు మొదటి జాతీయవనముగా ఏర్పాటైనది.

నీరు తేటయగుటచేతనే అచ్చట వేట కష్టము. ట్రౌటు, గ్రేలింగు అను చేపలు మనిషి నీడ పడినను మాయమగును. కావున దూరముగా నిలిచి, సన్నని దారముతో, నీటిపై వ్రాలు ఈగను పోలిన కృత్రిమపు టీగను విసరవలెను. ఆ కాలమున దారమనగా గుఱ్ఱపు తోకవెండ్రుకలను పేనినది. గాలము దగ్గఱ రెండు వెండ్రుకలకు మించి యుండరాదనియు, వానితోనే ఇరువది అంగుళముల ట్రౌటును ఒడ్డునకు చేర్పలేనివాడు గాలపువాడే కాడనియు కాటను నిష్కర్ష.

ఈ యీగలు కట్టు విధానము మన చేతులకు కొత్త కాదు. పట్టుదారము, పక్షి యీకలు, కుందేటి రోమములు, ఎలుగుబంటి వెండ్రుకలు, ఒంటె రోమములు, నెమలియీక పోగులు—వీనిని మైనముతో మెత్తజేసి, గాలమును వేళ్ల నడుమ పట్టుకొని, చుట్టు వెంబడి చుట్టు వేయుచు, ఱెక్కలను నిలిపి, తోకను ముడివేయవలెను. ఏ మాసమున ఏ యీగ పుట్టునో దానికి తగినట్లు అఱువదికి పైగా రకములను అతడు వర్ణించెను. అతిథి చూచుచుండగా కిటికీ కడ కూర్చుండి ఒక యీగను మొదటినుండి తుదివఱకు కట్టి చూపిన ఘట్టము, కుట్టుపని యెఱిగిన యే స్త్రీకైనను ఎంతయు హృద్యముగా నుండును. అన్నట్లు ఆ గృహస్థుడు తన ఉదయాహారము పొగగొట్టము మాత్రమే యని చెప్పును. ఆ యింటి వంటవారు సంతోషించిరో, దుఃఖించిరో!

ఈ వేటను గూర్చి ఇంగ్లీషువారే మొదట వ్రాసిరని తలపరాదు. కల్యాణపురము నేలిన చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున సంస్కృతమున రచించిన మానసోల్లాసమున రాజులకు తగిన వినోదములు ఇరువది చెప్పబడినవి. అందు మత్స్యవినోద మొకటి. చేపలలో రకములు, వానికి వేయదగిన ఎరలు, గాలము, దారము, కఱ్ఱ—అన్నియు అందు కలవు. ఇంగ్లండులో 1496లో అచ్చయిన మొట్టమొదటి గాలపువేట గ్రంథమునకు జూలియానా బర్నర్సు అను సన్న్యాసిని కర్త్రి యని చిరకాలము చెప్పుకొనిరి. పండితులు దానిని సందేహింతురు. పండితులు సందేహింపని స్త్రీ కీర్తి యెక్కడ కలదు?

అయితే నా మనస్సున నొక ముల్లు గ్రుచ్చుకొనియే యున్నది. వాల్టను సాధుస్వభావుడని లోకమంతయు కొనియాడును. అట్టివాడు కప్పను గాలమునకు గ్రుచ్చు విధమును వర్ణించుచు, దానిని ప్రేమించువానివలె మెల్లగా పట్టుకొమ్మని బోధించెను. ఆ వాక్యము చదివి నేను పుస్తకము మూసితిని. బైరను కవియు తన "డాన్ జువాన్" కావ్యమున దీనిని సహింపక, ఆ ముసలివాని గొంతుననే గాలము గ్రుచ్చవలెనని శపించెను. బైరను స్వయముగా అహింసావ్రతుడేమియు కాడు. అయినను ఈ మాటలో న్యాయము లేకపోలేదు. సాధువైనవానికిని తన వినోదము విషయమై కన్ను మూతపడుట కలదు. నేనీ సంగతిని దాచి వాల్టనును పొగడినచో మీకును నాకును మర్యాద కాదు.

ఇక అసలు ముచ్చటకు వత్తును. వాల్టను ఎరవేటలో నేర్పరి గాని, కృత్రిమపు టీగల వేట అంతగా ఎఱుగడు. తన పుస్తకమున ఆ భాగమును ఇతరుల నుండి గ్రహించి వ్రాసియుండెను. పుస్తకము నాలుగుమాఱు లచ్చయి దేశమంతట పేరు వచ్చిన పిమ్మటను, ఆ లోపము అతనికి తెలియును. కుమారుని వంటి కాటనును పిలిచి, ఆ భాగమును నీవు వ్రాయుమనెను. కాటను ఒప్పుకొనెను గాని యేండ్ల తరబడి జాగుచేసెను. తుదకు అయిదవ కూర్పు అచ్చుకు పోవుచున్నదని తెలిసి, పది దినములకు కొంచెము మించిన కాలమున ఆ భాగమంతయు వ్రాసి, 1676 మార్చి 10వ తేదీన తండ్రివంటి మిత్రునకు పంపెను. పెద్దవాడై, కీర్తిమంతుడై, తనకు రానిది ఇది యని చెప్పి, తనకంటె ముప్పదియేడేండ్లు చిన్నవానిని తన గ్రంథమున సగపాలునకు పిలుచుట సామాన్యమైన గుణము కాదు. మన సంసారములలో అత్తగారు కోడలిని ఒక్క పచ్చడి విషయమై అట్లు పిలిచినను ఇల్లు స్వర్గమగును.

కాటను వ్రాసిన భాగమున కథ యిట్లు నడచును. గాలపువాడు, అనగా కాటనే, ఆష్‌బర్ను దారిలో లండను నుండి వచ్చుచున్న బాటసారిని కలిసికొనును. మాటలమీద ఆ బాటసారి వాల్టనుకు మిత్రుడని తెలియును. ఇక చెప్పవలెనా? వెంటనే గుఱ్ఱమును త్రిప్పి తన యింటికి తోడ్కొని పోయి, ఆదరించి, మఱునాడు ఏటి యొడ్డునకు కొనిపోవును. అక్కడ చెట్ల నడుమ ఒక చిన్న రాతికట్టడము. చతురస్రమైన ఒకే గది, కొనదేరిన పైకప్పు. దానిని చేపలయిల్లని పిలుచుచుండిరి. పూర్వము చూచినవారు వ్రాసినదానిని బట్టి, లోపల నలుపు తెలుపు చలువఱాళ్ల నేల, నడుమ నల్లఱాతి బల్ల, గోడలకు చెక్కపలకలు, వానిపై గాలపువేటను జూపు చిత్రములు నుండెనట. ద్వారముపై 1674 అను సంవత్సరమును, ఈ స్థలము జాలరులకు పవిత్రమను లాటిను మాటయును చెక్కబడినవి. వాని క్రింద ఇరువురి పేళ్ల మొదటి యక్షరములు నాలుగు, తీగలు పెనవైచినట్లు, ఒకదానిలో నొకటి చేర్చి చెక్కించెను.

బాటసారి ఆ యక్షరములను చూచి సంతోషించి, వాల్టను దీనిని చూచెనా యని యడుగును. దానికి కాటను చెప్పిన సమాధానము చదివి నా కన్నులు చెమర్చినవి. ఱాతిపై అక్షరములు చెక్కుచుండగా వాల్టను చూచెనట. గాని ఆ ఱాయి ద్వారముపై నెక్కిన పిమ్మట చూడలేదట. అతడు కడపటిసారి వచ్చినపుడు గోడలు ఇంకను ద్వారపు కమాను ఎత్తునకైనను లేవలేదట. ఈ వేసవికిని రాగలనో లేదో యని ఉత్తరము వ్రాసెననియు, అంతకంటె చెడ్డవార్త తనకు మఱొకటి రాజాలదనియు కాటను చెప్పుకొనును.

మిత్రుని పేరు చెక్కించి కట్టిన యిల్లు. ఆ మిత్రుడు దానిని చూడలేదు. అప్పటికి వాల్టను వయస్సు ఎనుబదిరెండు. రెండవ భార్య ఆన్ 1662లో గతించినది మొదలు అతడు వించెస్టరు ధర్మాధికారియైన జార్జి మార్లే ఆశ్రయమున నుండెను. రైలు లేదు, సరియైన బాట లేదు. గుఱ్ఱముపైనో, కుదుపుల బండిలోనో కొండదారుల వెంట వందమైళ్లకు పైగా రావలెను.

ఆ పుస్తకము చేరినపిమ్మట వాల్టను 1676 ఏప్రిలు 29వ తేదీన లండను నుండి ప్రత్యుత్తరము వ్రాసెను. అది పుస్తకముతోడనే అచ్చయినది. తన వలన జరిగిన కొన్ని జాగులకు క్షమాపణము కోరుచు అతడు వ్రాసిన దేమన, నీకును నాకును నడుమ నూఱుమైళ్లకు మించిన దూరము కలదు, నాకు ఎనుబదిమూడవ యేడు నడచుచున్నది, ఈ రెండింటిని మఱచి వచ్చు మాసమున నీకడకు తీర్థయాత్ర బయలుదేఱుదును అని. మన దేశమున అట్టి వయస్సున కాశికి బయలుదేఱువారు కలరు. స్నేహితుని యింటికి పోవుటను తీర్థయాత్ర యని పిలిచినవానిని నేనిప్పుడే చూచుచున్నాను. కుచేలుడు ద్వారకకు పోయినపుడు ఇంట ఆకలి యుండెను, భార్య ప్రోత్సాహముండెను. ఈ వృద్ధునకు కావలసినదెల్ల ఒక ఱాతిని దాని స్థానమున చూచుట.

ఈ ఉత్తరము చదివిన దినమున నాకు మా చెఱువుగట్టు జ్ఞప్తికి వచ్చినది. చిన్ననాడు నాతో కూడ బిందె ముంచి, నాతో కూడ అమరము వల్లించిన చెలికత్తె యొకతె యుండెను. పెండ్లియై ఆమె యొక దిక్కునకు, నేనొక దిక్కునకు పోతిమి. మొదట నెలకొక యుత్తరము, పిమ్మట ఏటికొకటి, పిమ్మట బిడ్డల వివాహములకు శుభలేఖ మాత్రము. ఇందులో ఎవరి తప్పును లేదు. మగవారు స్నేహితుని చూడ బోయెదమన్నచో గుఱ్ఱముపై జీను వేయుదురు. ఆడుది స్నేహితురాలిని చూడ బోయెదనన్నచో, పురుడా, పెండ్లియా, వ్రతమా యని యింటివారడుగుదురు. ఊరక చూచుటకే యన్నచో నవ్వుదురు. వాల్టను పుస్తకమున స్త్రీలు లేకపోలేదు. పాలు పిదుకువారు, పూటకూటి యింటివారు కలరు. ఏటి యొడ్డున ఊరక కూర్చుండిన స్త్రీ మాత్రము లేదు. రేచెల్, ఆన్ ల స్నేహితురాండ్రెవరో, కాటను భార్య ఇసబెల్లా మనస్సు విప్పి మాటలాడుట కెవరు గలరో యే ద్వారముపైనను చెక్కబడలేదు. మగవారి మైత్రిని చూచి అసూయపడుటకు ఈ మాట చెప్పుట లేదు. మన యిండ్లలో ఒక కూతురు, ఒక కోడలు, నా నేస్తమును చూచి రెండు దినము లుండి వత్తునన్నపుడు, ఎందులకని యడుగక బండి కట్టించిన నేమి?

కాటనుకు ఆ యేటి యొడ్డున సుఖము చిరకాలము నిలువలేదు. అప్పులవారి బాధకు తాళలేక కొండగుహలో దాగెడివాడని ఆ ప్రాంతమువారు ఒక గుహను చూపుదురు. 1681లో బెరెస్‌ఫర్డు గృహమును అమ్మివేయవలసి వచ్చెను. ఇంటితో పాటు ఏఱును, ఏటితో పాటు చేపలయిల్లును చేయి దాటినవి.

వాల్టను 1683 ఆగష్టు 9వ తేదీన, తొంబది యేండ్లు నిండిన పుట్టినదినమున, తన మరణశాసనము స్వహస్తముతో వ్రాయ మొదలిడెను. అందు బీదలకు చేసిన యేర్పాటులు మన యాడువారు ప్రత్యేకముగా చూడదగినవి. ఒకే యింట చిరకాలము నమ్మకముగా పనిచేసిన పరిచారికకో, నిరుపేద గృహస్థుని కూతునకో పెండ్లినాడు ధనమిచ్చుటకు కొంత. శీతకాలమున స్టాఫర్డు బీదలకు బొగ్గులు పంచుటకు కొంత. బొగ్గులను జనవరి కడపటి వారముననో, ఫిబ్రవరి మొదటివారముననో ఈయవలెననియు, బీదలకు ఆ దినములే మిక్కిలి కష్టమైనవని తన యెఱుక యనియు వ్రాసెను. తొంబదియేండ్లవాడు ఏ వారము చలి ఎక్కువయో ఆలోచించి వ్రాసినాడు! పిమ్మట తన జ్ఞాపకార్థము మిత్రులకు ఉంగరములు. ఒక్కొక్కటి పదమూడు షిల్లింగుల నాలుగు పెన్నీల వెల గలది. లోపల మిత్రుని వీడుకోలని అర్థమిచ్చు మాట చెక్కింపవలెను. ఆ పట్టికలో చార్లెస్ కాటను పేరును కలదు. అప్పటికి కాటను చేతిలో ఇల్లు లేదు, ఏఱు లేదు. శాకుంతలమున ఉంగరము చేప కడుపునుండి వెలువడి మఱచినవానికి జ్ఞప్తి తెచ్చెను. ఈ ముసలివానికి అట్టి సహాయ మక్కఱలేకపోయెను.

ఆ యేడు డిశంబరు 15వ తేదీన వించెస్టరులో వాల్టను కన్ను మూసెను. అక్కడి మహాదేవాలయమున అతని సమాధి కలదు. ఇంగ్లండు, అమెరికా దేశముల గాలపువారు చందాలు వేసికొని 1914లో అచ్చట అతని జ్ఞాపకార్థము రంగుటద్దముల కిటికీ నొకటి పెట్టించిరి. కాటను 1687లో లండనున మరణించెను. భార్యయు బిడ్డలును అతని యాస్తిపై హక్కు వదలుకొనగా, ముఖ్యమైన అప్పులదారైన యొక స్త్రీకి దాని నిర్వాహకత్వము నప్పగించిరి. ఆస్తి కంటె అప్పు ఎక్కువయైనపుడు వారసత్వమున కెవరు ముందుకు వత్తురు?

వాల్టను పుస్తకము నాటినుండి నేటివఱకు వందలకొలది మాఱు లచ్చయినది. రెండవ భాగముగా కాటను వ్రాసినదియు దానితో చేరియే వచ్చుచున్నది. బెరెస్‌ఫర్డులోని పెద్ద యిల్లు 19వ శతాబ్దమున పడగొట్టబడెను. చేపలయిల్లు మాత్రము ఏటి వంకలో చెట్ల నడుమ నిలిచియున్నది. ఇప్పుడది పరుల భూమి. బాటసారులకు ప్రవేశము లేదు. ఆకులు రాలిన కాలమున కాలిబాటను పోవువారు చెట్ల సందునుండి ఆ కొనదేరిన కప్పును చూడవచ్చును. ద్వారముపై ఆ నాలుగక్షరములు ఒకదానినొకటి పెనవైచుకొని యట్లే యున్నవి.